పప్పు ఉడికిన నీళ్లు

తెల్లవారడానికి ఇంకా గంట ఉంది. చేతికి గడియారం లేదు గానీ గుండ్లచెల్క ఊరి వైపు నుంచి ఒక కోడి కూసింది, దానికి పోటీగా ఇంకోటి, కాబట్టి గంటే. మహా అయితే గంటంబావు. వెంకటనర్సు జీపు వెనక సీట్లు మడిచి, టార్పాలిను పరిచి, భార్య ఆండాళు మడతపెట్టి ఇచ్చిన గొంగడి మెడదాకా లాక్కుని పడుకున్నాడు. పడుకున్నాడంటే ఒళ్లు వాల్చాడు, అంతే. రాత్రంతా రెప్ప వాలలేదు. వెనక కుడి చక్రం వాగు ఇసుకలో సగందాకా దిగబడి జీపు ఒక పక్కకు ఒరిగింది, ఎంత సర్దుకున్నా ఒళ్లు ఆ పక్కకే జారుతోంది, తల పోయి ఇనుపరేకుకు తగులుతోంది. తగలనీ. దిగబడ్డ బండిని లేపడం అతనికి తెలియని విద్యా? ఇరవై రెండేళ్లుగా స్టీరింగు పట్టిన చేయి. టైర్లలో గాలి కాస్త తీసి, చక్రం ముందర నాలుగు తంగేడు కొమ్మలు పరిచి, ముందు చక్రాలకూ గేరు కలిపి, క్లచ్చు మీది కాలు మెల్లమెల్లగా వదిలితే ఎంత ఇసుకయినా దారి ఇవ్వాల్సిందే. అరగంట పని. నిన్న సాయంత్రం పొద్దు ఇంకా బారెడు ఉండగానే దిగబడింది, అయినా ఆ అరగంట పని చేయలేదు. దిగి, చక్రం చుట్టూ ఒకసారి తిరిగి, "ఇగ ఇయ్యాల్టికి ఇంతే" అని ఎవరూ లేని వాగుకు చెప్పి, మూడు రాళ్లు తెచ్చి పొయ్యి పెట్టుకుని టీ కాచుకున్నాడు. ఎవరికైనా అబద్ధం చెప్పవచ్చు గానీ సొంత చేతులకు చెప్పలేం. రాత్రంతా ఆ చేతులు గొంగడి కింద అడుగుతూనే ఉన్నాయి, ఎందుకు లేపలేదు, ఊరు మైలు దూరంలో పెట్టుకుని ఇక్కడెందుకు ఆగావు అని.

ఎవరూ పంపకుండా, ఒంటరిగా ఇంత దూరం బండి తోలడం ఇదే మొదలు. దాదాపు సర్వీసంతా పక్క సీట్లో ఎవరో ఒక సారు ఉండేవాడు, "నర్సూ, జర మెల్లగ" అనేవాడో "నర్సూ, జల్ది" అనేవాడో. నిన్న ఆ సీటు ఖాళీ. ఇంజనీరు సారు సెలవు మీద ఉన్నాడు. గేరు పెట్టెలో చప్పుడు వస్తోందని, దేవరకొండలో మిస్త్రీకి చూపిస్తానని గుమాస్తాకు చెప్పి వెంకటనర్సే తాళంచెవి తీసుకున్నాడు. ఇది తొమ్మిదేళ్లలో రెండో పెద్ద అబద్ధం, మొదటిదాన్ని దిద్దడానికి ఆడినది. మర్రిగూడ దాటాక బండ్లబాట ఉంది, అది పట్టుకుంటే నడి ఊర్లోకే పోతుంది, పోతే జనం జీపు చుట్టూ మూగుతారు, అందుకని బాట వదిలి చెలకల్లోకి తిప్పాడు. పరుపుబండల మీద టైర్లు గీసుకున్నాయి, రేగుకంపలు టాపును గీరాయి, ఆముదపు చేన్ల గట్లు ఎక్కుతుంటే ముందు ఆకాశమే కనిపించి, దిగుతుంటే ఎర్రమట్టే కనిపించింది. కౌజుపిట్టలు గుంపుగా లేచి మళ్లీ అక్కడే వాలాయి. ఒక గట్టు మీద బండి ఆగిపోతే ఖాళీ సీటు వైపు తిరిగి, "దిగి జర నూకుండ్రి సార్" అన్నాడు, అని తనే నవ్వాడు, నవ్వాక ఆ సీట్లో ఉన్నదేమిటో చూసి నవ్వు మానుకున్నాడు. సీట్లో గుడ్డ చుట్టిన గాజు సీసా ఉంది. కొత్తది. మూడుసార్లు వేడినీళ్లతో కడిగినది.

ఆ సీసా కథ నెల కిందట మొదలైంది. కాదు, తొమ్మిదేళ్ల కిందటే మొదలైంది, నెల కిందట అతనికి తెలిసింది. పట్నం నుంచి వచ్చిన ఇద్దరు డాక్టర్లను ఎక్కించుకుని ఊరూరూ తిప్పాడు. కాళ్లు వంకరపోయిన పిల్లలు, మెడ తిరగని పెద్దలు, ఊరికి పదిమంది, ఇరవైమంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, ఈ నేల శాపం అనుకున్నదే. డాక్టర్ల లెక్కలో డ్రైవరు బండిలో ఒక సామాను, కానీ సామానుకు చెవులుంటాయి, వాటికి తలుపులుండవు. పెద్ద డాక్టరు చిన్న డాక్టరుకు చెబుతున్నాడు, ఇదంతా నీళ్ల నుంచే, అదీ నాలుకను మోసం చేసే నీళ్లు, ఉప్పగా ఉండవు, కమ్మగా ఉంటాయి, పప్పు పొయ్యి మీద పెట్టీ పెట్టకముందే మెత్తబడుతుంది, మనవాళ్లు ఆ పప్పు చూసే మంచినీళ్లని నమ్ముతారు, ఇట్టే ఉడికిందంటే ముందు అనుమానించాల్సింది ఆ నీళ్లనే. వెంకటనర్సు కాలు బ్రేకు మీద పడింది. "ఏమైంది?" అన్నారు. "గుంత సార్" అన్నాడు. అక్కడ గుంత లేదు. తర్వాత చిన్న డాక్టరు జాబితా చదువుతూ, గుండ్లచెల్క కూడా చూద్దామా అన్నాడు. అక్కర్లేదు, దానికి కాగితం ఉంది, యాభై ఏడులోనే పరీక్ష చేశారు, నీళ్లు భేషుగ్గా ఉన్నాయి అన్నాడు పెద్దాయన. ముందు అద్దంలో వెంకటనర్సుకు పెన్సిల్ కనిపించింది, అది ఒక పేరు మీద అడ్డంగా గీత గీయడం కనిపించింది. దొంగకు తేలు కుట్టినట్టు అయింది. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు.

ఎందుకంటే ఆ కాగితం గుండ్లచెల్క బావిది కాదని ఈ భూమి మీద తెలిసినవాడు ఒక్కడే.

ఎంత కమ్మగా ఉడికిందో ఆ పప్పు. ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది ఆ వాసన. పాతబావి నీళ్లు కటిక ఉప్పు, తాగితే దూప తీరదు, కందిపప్పు పొద్దున పెడితే పొద్దుగూకినా రాళ్లలాగే ఉండేది. సర్కారు వాళ్లు ఊరికి పడమర తోటాలు పెట్టి బండ పేల్చి, నలభై గజాల లోతున ఊట చూపించారు. కొబ్బరికాయ కొట్టిన రోజు నర్సింగమ్మ అనే ముసలామె, ఊర్లో ఎవరి మాటా వినదు గానీ ఊరంతా ఆమె మాట వింటుంది, మొదటి చేద నీళ్లు కుండలో పోయించి, బావి గడ్డ మీదే పొయ్యి పెట్టి, దోసెడు కందిపప్పు వేసింది. ఊరంతా చుట్టూ కూర్చుంది, కొత్త కోడలు నీళ్లోసుకున్నదా లేదా అని చూసినట్టు ఆ కుండ వైపే చూసింది. ఒక్క పొంగు, రెండో పొంగు. నర్సింగమ్మ తెడ్డుతో ఒక పలుకు తీసి వేళ్ల మధ్య నలిపింది, అది వెన్నలాగా పోయింది. ఆడవాళ్లు కేక పెట్టారు. ఉప్పు కారం వేసి, తలా పిడికెడు తిన్నారు, వెంకటనర్సుకు ఆకులో పెట్టారు, డ్రైవరు కదా అని రెండుసార్లు పెట్టారు. అంత రుచైన పప్పు అతను తన పెళ్లిలో తినలేదు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. ఆ ముద్ద గొంతు దిగిన మూడు గంటలకే ఆ పని చేశాడు.

అప్పటి ఇంజనీరు సారు ఆ బావి నీళ్లు సీసాలో నింపి, బిరడా బిగించి, పట్నంలో ఇచ్చి రమ్మన్నాడు. ఒక్కడినే పంపలేదు, ఒక చప్రాసీ ఉన్నాడు, అతను మాల్ ఊరి దగ్గర మామగారింటికని దిగిపోయాడు. దిగేముందు సీసాను గోనెసంచిలో చుట్టి సీటు కింద పెట్టాడు. వెంకటనర్సుకు సీటు కింద ఆ సంచి కాలికి అడ్డం వస్తోంది. తీసి, సంచి విదిలించి, సీసాను పక్క సీట్లో నిలబెట్టాడు. ఎందుకు విదిలించాడు? ఈ నెల రోజుల్లో ఎన్నోసార్లు ఆ సంచిని మళ్లీ చుట్టాడు, మనసులో. ఒక పెద్ద రాయి, ఒక ఎగురు, సీసా పోయి గేరు కర్రకు కొట్టుకుని ఠప్పున రెండు ముక్కలయింది, నీళ్లు అతని కాళ్ల మీదుగా, రేకు కంతలోంచి రోడ్డు మీదికి పోయాయి. వెనక్కి తిప్పితే ముప్పై మైళ్లు, అందులో సగం రాళ్లు, రాత్రి ఆ ఊర్లోనే పడుకోవాలి. ముందుకు పోతే పట్నం, రాత్రి ఆటకు బాల్కనీ టికెట్టు తీసి పెట్టిన బామ్మర్ది. సినిమా! నిజం అది. జబ్బు కాదు, చావు కాదు, బండి చెడిపోవడం కాదు, సినిమా. ఆ సినిమాలో ఏముందో కూడా ఇప్పుడు గుర్తులేదు. ఇబ్రహీంపట్నం దాటాక రోడ్డు పక్కన మోట తోలుతున్న రైతు దగ్గర ఆగి, ఒక సోడాసీసా కడిగి నింపుకున్నాడు. పప్పు ఉడికిన నీళ్లకు మళ్లీ పరీక్షేంటి, ఈ పట్నపోళ్ల పిచ్చి గానీ అనుకున్నాడు. అదే అన్నిటికన్నా మంటగా ఉంటుంది, మోసం చేస్తున్నానని అనుకోలేదు, నర్సింగమ్మ వేళ్ల మధ్య నలిగిన పలుకును చూసి వచ్చాడు, ఇంకేం కావాలి. పచ్చ ముద్ర వేసిన కాగితం మూడు వారాలకు వచ్చింది. తాగుటకు యోగ్యము. తనే పట్టుకుపోయి చదివి వినిపించాడు, జనం అతనికి ఎండుకొబ్బరి కుడుక, తువాల ఇచ్చారు. ఆ బావిని సర్కారు బావి అనలేదు వాళ్లు, నర్సన్న బాయి అన్నారు. ఆ పేరు విని తబ్బిబ్బయ్యాడు కూడా, ఇంటికొచ్చి ఆండాళుకు చెప్పుకున్నాడు.

బాపు ఉంటే కొడుకును ఏమనేవాడు. బాపు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని ముప్పై ఏళ్లు నేశాడు, పోగు తెగితే సాక్షాత్తు దొర వచ్చి వాకిట్లో నిలబడ్డా లేచేవాడు కాదు, ముందు అతికేవాడు. తెగిన పోగును దాచిపెట్టి నేస్తే చీర పొడుగూతా గీత పోతది బిడ్డా, కొన్నోళ్లు ఉతికినప్పుడల్లా మనల్ని తిడతరు అనేవాడు. వెంకటనర్సుకు మగ్గం పట్టలేదు, మోటారు పట్టింది. ఆ మాట మాత్రం పట్టుకున్నాననుకున్నాడు. ఈ నెల రోజులుగా ఇంట్లో పప్పు వడ్డిస్తే కంచం పక్కకు జరుపుతున్నాడు. "పప్పు ఒల్లక పోవుడేందయ్యా, కడుపుతోటున్నదానివా?" అని ఆండాళు ఎగతాళి చేసింది మొదట, తర్వాత చేయలేదు, ముఖంలోకి చూడడం మొదలుపెట్టింది. నిన్న గొంగడి ఇస్తూ, "ఏడికి వోతున్నవో అడుగను. వచ్చేటప్పుడు మాత్రం పాత మనిషివై రా" అంది. పెళ్లాలకు ఎలా తెలుస్తాయో.

అతని ఉపాయం చక్కనిదే, నెల రోజులు నూరుకున్నది. చీకటితోనే బావి దగ్గరికి పోవడం, ఎవరూ రాకముందే సీసా నింపడం, బిరడాకు లక్క పెట్టి ఊరి పేరు రాయడం, డాక్టర్ల సీసాల పెట్టెలో కలిపేయడం. వాళ్లు పరీక్షిస్తారు, అవాక్కవుతారు, పాత కాగితం తప్పని తేలుతుంది, ఎవరి తప్పో తేలదు. మూడేళ్లలో పింఛను. ఎవరికీ నష్టం లేదు. రాత్రి టీ తాగుతూ కూడా అదే అనుకున్నాడు. కానీ చీకట్లో పడుకున్నవాడికి పగటి ఉపాయాలు ఆగవు. పరీక్ష ఎప్పుడవుతుంది? సీసాల పెట్టె ఎండాకాలంలో గానీ పట్నం పోదు. కాగితం రావాలి, ఆఫీసుల్లో తిరగాలి, వానాకాలం అవుతుంది. అన్నాళ్లూ పొద్దున లేచి ఆడవాళ్లు చేద వేస్తూనే ఉంటారు, పసిపిల్లలకు ఉగ్గు గిన్నెల్లో పోస్తూనే ఉంటారు. రేపు పొద్దున్నే ఆపాలంటే రేపు పొద్దున్నే చెప్పాలి. ఊరికే చెబితే నమ్మరు, ఎవరు నమ్ముతారు, ఇంత పప్పు ఉడికించే నీళ్లను వదిలి ఆ ఉప్పుబావికి మళ్లీ పొమ్మంటే నవ్వుతారు. ఆ కాగితం అబద్ధం, ఆ అబద్ధం నాది అంటేనే నమ్ముతారు. ఆ మాట అన్నాక ఉద్యోగం ఉండదు, ఆ ఊరి మగవాళ్ల చేతుల్లో కర్రలుంటాయి. అందుకే చక్రం లేపలేదు. చేతులకు ఇప్పుడు జవాబు దొరికింది, అవి ఊరుకున్నాయి. కోడి మళ్లీ కూసింది. చీకటితోనే పోవాల్సిన వేళ దాటిపోతోంది, అతను లేవలేదు, తంగేడు పొదలు ఒక్కొక్కటే కనిపించేదాకా అలాగే చూస్తూ ఉన్నాడు.

ఇసుకలో అడుగుల చప్పుడు అయింది. జొన్నచేనికి కావలి పోతున్న ఒక ఆడమనిషి, చంకలో పిల్ల, భుజానికి వేలాడే సొరబుర్ర నిండా నీళ్లు. జీపును చూసి ఆగింది. చూడడానికి మెడ తిప్పలేదు, మనిషి మొత్తం తిరిగింది.

"ఎవలది, నర్సన్ననా? నేను గోవిందమ్మను, నర్సింగమ్మ కోడల్ని. అయ్యో, రాత్రంతా ఈడనే పన్నవా? ఒక్క కేకేస్తే మావోళ్లు ఉరికొచ్చెటోళ్లు గదనే!"

"పొద్దుగూకింది చెల్లె. ఎందుకు తక్లీఫని" అంటూ లేచి, చెప్పులు వేసుకుని దిగాడు.

గోవిందమ్మ నడుము వంచకుండానే పిల్లను ఇసుకలోకి జార్చి కూర్చోబెట్టింది. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి, వాటి కింది కాళ్లు రెండూ రెండు దిక్కులకు పోయాయి. పిల్ల అతన్ని చూసి నవ్వింది, పళ్ల మీద గోధుమరంగు చారలు. "ఇది లీల. బాయి కాడ కొబ్బరికాయ గొట్టిన్నాడు నా కడుపుల ఉండె, నీకు యాదికుండదు తియ్యి. ముందుగాల జర దూప తీర్చుకో" అని బుర్ర వంచి కొబ్బరిచిప్పలో నీళ్లు పోసింది. "నీ బాయి నీళ్లే."

"వద్దు చెల్లె. నా కాడ ఉన్నయి." అనుకోకుండా చేయి జీపు ముందర వేలాడుతున్న కాన్వాసు సంచి వైపు చూపించింది. నిన్న నల్లగొండలో నింపుకున్నది.

"గిన్ని కోసుల నుంచి నీళ్లు మోసుకొచ్చుకున్నవా? మా ఊర్ల బాయి లేనట్టు?" గోవిందమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగింది. "ఎందుకే?"

చిప్ప ఇంకా అతని ముందే ఉంది. తాగవచ్చు. తొమ్మిదేళ్లు తాగినవాళ్ల ముందు ఒక్క చిప్పెడు, అతని ఎముకలకు ఏమీ కాదు. తాగి, మూతి తుడుచుకుంటే ఆమె చేనికి పోతుంది, అతను సీసా నింపుకుని పోతాడు, ఎండాకాలం వస్తుంది, వానాకాలం వస్తుంది. నీళ్లలో ఆకాశం తెల్లగా కనిపిస్తోంది, ఎంత శుభ్రంగా ఉన్నాయో. పిల్ల ఇసుకలో వేలితో ఏదో గీసుకుంటోంది. నువ్వు పుట్టకముందే నిన్ను అమ్ముకున్నాను తల్లీ, ఒక సినిమాకు.

"ఆ నీళ్లు మంచియి గావు చెల్లె. పిల్ల కాళ్లు గట్లయింది వాటితోనే."

"గట్లనకు! పప్పు ఎట్ల ఉడుకుతదో నువ్వు తినలేదా?"

"పప్పు అంత జల్ది ఉడికే నీళ్లే చెడ్డయంట. డాక్టర్లు చెప్పిన్రు."

"మరి కాయితమొచ్చె గద? నువ్వే తెస్తివి గద?"

"ఆ కాయితం మీ బాయిది కాదు" అన్నాడు వెంకటనర్సు. ఆ తర్వాత ఆగలేదు. సంచి విదిలించడం, సీసా పగలడం, మోట తోలే రైతు, సోడాసీసా, సినిమా. సినిమా మాట దాటేద్దామని నాలుక చూసింది, దాటనివ్వలేదు, చెప్పాడు. అంతా నాలుగు మాటల్లో అయిపోయింది, నెల రోజులుగా కొండంత అనుకున్నది.

గోవిందమ్మ మనిషి మొత్తం పిల్ల వైపు తిరిగింది. చిప్పలో నీళ్లు ఆమె చేతిలోనే ఉన్నాయి. తర్వాత మెల్లగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "ఆ కాయితం కోసరం మా అత్త ఇరువై దినాలు బాయి కాడ మంచమేసుకోని కావలున్నది. పప్పు ఉడికింది గని సర్కారు మాట గూడ రావాలె, అప్పటిదాంక ఎవ్వలు ముట్టొద్దన్నది. నేను కడుపుతోటి ఉన్న. దూపకు ఆగలేక ఒకనాడు చాటుంగ చేదేస్తే చెంప మీద గొట్టింది. నువ్వొచ్చి కాయితం సదివినంక ఆమెనే నాకు మొదటి చెంబు పోసింది." గాలి పీల్చుకుంది. "పోయినేడు సచ్చిపాయె. నడుము ఒంగి ఒంగి బిగుసుకపోయింది, పాడె మీద సక్కగ పండవెట్టరాలె. పక్కకు తిప్పి తీస్కపోయినం."

తిట్టలేదు. తిడితే బాగుండునని అతను ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా, దూపైతాంది" అంది లీల.

గోవిందమ్మ చిప్ప అలవాటుగా పిల్ల వైపు కదిలింది, మధ్యలో ఆగింది. వెంకటనర్సు పరుగున పోయి కాన్వాసు సంచి తెచ్చి, మూత తీసి పిల్ల నోటికి అందించాడు. లీల రెండు గుక్కలు తాగి ముఖం చిట్లించింది. "ఛీ, సప్పగున్నయి. మన బాయి నీళ్లే తియ్యగుంటయి."

గోవిందమ్మ చిప్పలోని నీళ్లు ఇసుకలో పోసింది. "ఇన్నవా నర్సన్నా? ఊరంతా గిదే అంటది. నేను జెప్తె పిచ్చిదన్నట్టు జూస్తరు. నాకు జెప్పినట్టే నువ్వు జెప్పాలె, సినిమాతోసహా. రచ్చకట్ట కాడికి ఇప్పుడు అందరు వస్తరు."

"కొడ్తరు చెల్లె."

"కొడ్తరు" అంది గోవిందమ్మ. "నడువు. దీన్ని నువ్వే ఎత్తుకో, పొద్దుపొద్దున నాకు నడుము ఒంగది."

వెంకటనర్సు వంగాడు. తొమ్మిదేళ్ల పిల్ల, ఎత్తుకుంటే నాలుగేళ్ల పిల్లంత బరువు లేదు. లీల ఎరగని మనిషని జంకలేదు, రెండు చేతులూ అతని మెడ చుట్టూ వేసి గట్టిగా పట్టుకుంది.